మీరు అడగండి: రోజూ కళ్ల ముందే ఉన్నవి

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చదువుతుంటే ఊళ్లు వేరు, వయసులు వేరు గానీ చాలామంది అడుగుతున్నది ఒకటే అనిపించింది, అన్నీ ఉన్నాయి కానీ దేనికీ రుచి తెలీట్లేదు అని. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి ఇవే తీసుకున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

అక్కా, నాకు 34 ఏళ్లు, హైదరాబాద్ కొండాపూర్‌లో ఉంటాం, సాఫ్ట్‌వేర్ జాబ్. సొంత ఫ్లాట్, కారు, మంచి భార్య, నాలుగేళ్ల పాప, కష్టం అని చెప్పుకోడానికి ఏమీ లేదు. కానీ ఫ్లాట్ కొన్న కొత్తలో బాల్కనీలో నిలబడితే వచ్చిన ఆనందం ఇప్పుడు రావట్లేదు, అసలు బట్టలు ఆరేయడానికి తప్ప అటు వెళ్లడమే మానేశాను. "ఉన్నదాంతో సంతోషపడటం నేర్చుకోరా" అంటారు నాన్న. నాకు కృతజ్ఞత లేదంటారా?

కాదు తమ్ముడూ, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. మనిషి మెదడు పనే అది, ఏది రోజూ ఉంటుందో దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది, తిరిగే ఫ్యాన్ చప్పుడు వినపడదు గానీ కరెంటు పోగానే తెలుస్తుందే, అలాగన్నమాట. దీని మీద అమెరికాలో 1978లో ఒక స్టడీ వచ్చింది, చిన్నదే గానీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో లాటరీ తగిలిన 22 మందిని తీసుకున్నారు, కొందరికి పది లక్షల డాలర్ల దాకా వచ్చింది. వాళ్లని మామూలు విషయాల గురించి అడిగారు, ఫ్రెండ్‌తో కబుర్లు, పొద్దున టిఫిన్, ఒక జోక్ వినడం, టీవీ చూడటం, మ్యాగజైన్ చదవడం, ఇవి ఎంత హాయిగా ఉంటున్నాయి అని. లాటరీ తగలని మామూలు జనం కంటే వీళ్లు తక్కువ చెప్పారు. పెద్ద ఆనందం ఒకటి వచ్చి చిన్నవాటి రుచి తగ్గించి కూర్చుందన్నమాట. నీ ఫ్లాట్ సంగతి కూడా కొంత ఇదే అయ్యుంటుంది, దానికోసం పడ్డ ఏళ్ల ఎదురుచూపు ఒక్కరోజులో తీరిపోయింది, ఆ తర్వాత అది ఇల్లు, అంతే.

ఇంకోటి కూడా ఉంది. 2010లో 2,250 మందికి ఫోన్ యాప్‌లో రోజులో ఎప్పుడు పడితే అప్పుడు "ఇప్పుడేం చేస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు, ఎలా ఉంది" అని అడుగుతూ పోయారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు, వేరే ఎక్కడో ఉంది, అలా ఎక్కడో ఉన్నప్పుడు సంతోషం తక్కువగానే ఉంది. నువ్వు పాపకి అన్నం తినిపిస్తూ సోమవారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ గురించి ఆలోచిస్తున్నావనుకో, ఆ ముద్దా పోయింది, ఆ రిలీజ్ కూడా ముందుకు జరగలేదు.

మరి ఏం చెయ్యాలంటే, నాన్నగారు చెప్పినట్టు "సంతోషపడు" అని మనసుకి ఆర్డర్ వేస్తే అది వినదు, కానీ "చూడు" అంటే కళ్లు వింటాయి. నీ అపార్ట్‌మెంట్ కాంపౌండ్ గోడ పక్కన, పార్కింగ్ సిమెంటు పగుళ్లలో గడ్డి చామంతి ఉండే ఉంటుంది. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే ఆకు నలిపి పసరు పిండేవాళ్లే, అది. కొన్ని ఊళ్లల్లో రావణాసురుడి తలకాయ అని, ఆ పువ్వుని బొటనవేలితో ఎగరగొట్టే ఆట కూడా ఉండేది. ఇప్పుడు పాపని తీసుకెళ్లి దాని ముందు గొంతుక్కూర్చో. మధ్యలో పసుపు గుండీ, చుట్టూ తెల్లటి చిన్న రేకులు, ఒక్కో రేకు చివర మూడు పళ్లలాగా చీలి ఉంటుంది. ఇంకా దగ్గరికి వెళ్లి చూస్తే ఆ పసుపు గుండీ ఒక్కటి కాదు, సన్నసన్నవి బోలెడు పూలు గుత్తిగా కూర్చున్నాయి, ఆ తెల్ల రేకు కూడా ఒక్కోటీ ఒక్కో పువ్వే, మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక ఊరు. ఎండిపోయాక గింజకి దూది లాంటి కుచ్చు వస్తుంది, పాపని ఊదమను, గాల్లో ఎటు పోయిందో ఇద్దరూ చూడండి. ఈ మొక్క మనది కూడా కాదు, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చి ప్రపంచమంతా పాకేసింది. ఇంత కథ నీ కారు టైరు పక్కనే ఉంది. రోజుకి ఒక్కటి చాలు, ఇంతకుముందు తెలీని ఒక్క విషయం దాంట్లో కనపడేదాకా చూడటం, కనపడ్డాక లేచి వచ్చెయ్.

ఇంకో పాత ఉపాయం కూడా చెప్తా, కొంచెం ఆగడం. 2013లో ఒక ప్రయోగం చేశారు, చాక్లెట్ వారం రోజులు మానేసి తిన్నవాళ్లకి, ఆ వారమంతా తెగ తిన్నవాళ్ల కంటే అది ఎక్కువ రుచిగా అనిపించింది. మన ఇళ్లల్లో కార్తీకమాసం ఒక్కపొద్దులు ఉండి రాత్రి చుక్కల్ని చూసి తినే ఆ అన్నం రుచి గుర్తుందా, దానికి స్టడీ ఏమీ అక్కర్లేదు అసలు. ఏడాదంతా డబ్బాలో దొరికే మామిడి జ్యూస్‌కి లేని రుచి, వేసవి దాకా ఆగిన బంగినపల్లికి ఉంటుంది. నీకు రోజూ ఉన్నవాటిలో ఒకదానికి కొన్నాళ్లు సెలవిచ్చి చూడు, ఫుడ్ యాప్ అయినా సరే, సాయంత్రం మూడో కాఫీ అయినా సరే.

మేడమ్, మాది తాడేపల్లిగూడెం, 46 ఏళ్లు, గృహిణిని. మావారు రోజూ పొద్దున్నే "చిన్న చిన్న విషయాల్లోనే అసలైన ఆనందం" అని మెసేజ్‌లు ఫార్వర్డ్ చేస్తారు. ఆ చిన్న చిన్న విషయాలన్నీ ఇంట్లో చేసేది నేనే. పెరుగు తోడుకుంటే ఎవరూ మాట్లాడరు, తోడుకోకపోతే ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. నేనేం చూసి ఆనందపడాలో మీరే చెప్పండి.

అమ్మా, ఈ నెల వచ్చిన వాటిల్లో నాకు బాగా తగిలిన ఉత్తరం మీదే. మీరు చూడాల్సింది ఏమీ లేదు, మీ ఇంట్లోవాళ్లే చూడాలి. చిన్నవాటిని చూసి సంతోషించమని చెప్పే మాట మంచిదే, కానీ అది చేసి అలిసిపోయినవాళ్లకి చెప్తే తప్పు, దాన్ని అందుకుంటున్నవాళ్లకి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2019లో టైమ్ యూజ్ సర్వే చేసింది, జనం 24 గంటలు ఎలా గడుపుతున్నారని. ఇంటి పని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పని మీద అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటలమ్మా, ప్రతిరోజూ, ఆదివారం కూడా. పని అయిపోయింది కాబట్టి అది కనపడదు, గిన్నె తోమితే గిన్నె కనపడుతుంది గానీ తోమడం కనపడదు కదా.

మీరు పెరుగు మాట ఎత్తారు కాబట్టి ఆ పెరుగే చూద్దాం. పాలు కాగి, పొంగి, చల్లారుతుంటే మీరు వేలు పెట్టి చూస్తారు, వేడి ఎక్కువైతే తోడులో ఉన్న సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మరీ చల్లారితే అవి కదలవు, గోరువెచ్చగా ఉన్న ఆ కాస్త సమయాన్ని థర్మామీటర్ లేకుండా మీ వేలు పట్టుకుంటుంది. ఎండాకాలం తోడు ఒక చుక్క, చలికాలం ఒక చెంచా, డిసెంబర్‌లో గిన్నె చుట్టూ తుండుగుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టడం, ఇదంతా ఎవరు రాసిచ్చారు మీకు? రాత్రంతా ఆ జీవులు పాలలో ఉన్న చక్కెరని పులుపుగా మారుస్తాయి, ఆ పులుపుకి పాలలోని ప్రోటీన్ గట్టిపడుతుంది, పొద్దున గిన్నె వంచినా కదలని పెరుగు. నిన్నటి పెరుగు ఇవాళ్టికి తోడు, ఇవాళ్టిది రేపటికి, ఎప్పుడో పక్కింటావిడ గిన్నెలో ఇచ్చిన తోడు మీ ఇంట్లో ఇన్నేళ్లుగా నడుస్తోందంటే దాన్ని నడిపిస్తున్నది మీరే. మీవారు ఫార్వర్డ్ చేసే మెసేజ్‌లో ఉన్న అసలైన ఆనందం ఆయన మజ్జిగ అన్నంలోనే ఉంది, ఆయనకి చెప్పండి.

ఒక పని చేయండి, ఈ పేజీ ఆయన చేతికివ్వండి, మీరు చదివి వినిపించక్కర్లేదు, ఆయన్నే చదవమనండి. తర్వాత ఒక వారం తోడు వేసే పని ఆయనకి అప్పగించండి, పిల్లలుంటే వాళ్లకి కూడా వంతులేయండి. చేతులు పెడితేనే కళ్లు తెరుచుకుంటాయి, నాకు ఇందులో అనుమానం లేదు.

మీ ఆయనకి కూడా ఒక మాట. అన్నయ్యా, మన ఇళ్లల్లో థాంక్స్ అనే అలవాటు లేదు, అంటే ఏదో వేళాకోళంలాగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మనకి మన పద్ధతి ఉంది, "చారు ఇవాళ గుమగుమలాడుతోంది, ఇంగువ కొత్తదా" అని అడిగామంటే అదే థాంక్స్. చూశాను అని చెప్పడమన్నమాట. 2018లో ఒక పరిశోధనలో కొందరితో తమకి మేలు చేసినవాళ్లకి ఉత్తరాలు రాయించారు, రాసినవాళ్లు అవతలివాళ్లకి ఇబ్బందిగా ఉంటుందేమో అని ఎక్కువ భయపడ్డారు, వాళ్లు ఎంత సంతోషిస్తారో మాత్రం తక్కువ అంచనా వేశారు. ఆ భయం పక్కన పెట్టి ఈ రాత్రికే ఒక మాట అనండి.

హాయ్ మేడమ్, విజయవాడ, డిగ్రీ సెకండ్ ఇయర్. రోజూ పడుకునేముందు గ్రాటిట్యూడ్ జర్నల్, అంటే దేనికి కృతజ్ఞతగా ఉన్నామో ఒక పుస్తకంలో రాయమని ఒక వీడియోలో చూసి మొదలుపెట్టా. అమ్మ, నాన్న, ఆరోగ్యం, ఫ్రెండ్స్ అని రాస్తున్నా. కొన్నాళ్లకే ఇంపోజిషన్ రాస్తున్నట్టు అయిపోయింది. మానేయనా?

రోజూ రాయడం మానెయ్ నాన్నా, వారానికి ఒకసారి చాలు. ఇది నా మాట కాదు, 2005లో వచ్చిన ఒక స్టడీలో ఆరు వారాల పాటు వారానికి ఒకసారి రాసినవాళ్లకి సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకి పెరగలేదు. ఇంకా ముందు 2003లో బాగా పేరొచ్చిన ప్రయోగాల్లో ఒకదాంట్లో కూడా పది వారాలు వారానికోసారే రాయించారు. రెండోది, "అమ్మ" అని రాయకు. అమ్మ నీకు బస్సులో ఉన్నప్పుడు ఫోన్ చేసి కిటికీ సీటు దొరికిందా అని అడిగితే అది రాయి. "ఫ్రెండ్స్" వద్దు, ల్యాబ్ రికార్డు మర్చిపోతే తనది చూసి రాసుకోమని బెంచి కింద నుంచి జరిపాడే వాడు, అది రాయి. అలాంటిది దొరకలేదా, ఆ వారం ఖాళీ వదిలెయ్, ఏమీ కాదు.

నమస్తే, అనంతపురం, 41 ఏళ్లు. కొన్ని నెలలుగా దేని మీదా ఇష్టం లేదు. నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు. చెట్లు చూడు, పక్షులు చూడు, పాజిటివ్‌గా ఉండు అని అందరూ చెప్తున్నారు. మా అమ్మాయికి స్కూల్లో ప్రైజ్ వచ్చిందని చూపిస్తే కూడా లోపల ఏమీ కదల్లేదు. చూడటం నాకు రాదా?

మీకు చూడటం వచ్చు, అన్నయ్యా, ఇది చూడటానికి సంబంధించింది కాదు. రెండు వారాలు దాటి రోజూ ఇలాగే ఉంటే, నిద్రా తిండీ కూడా పోతే, అది డిప్రెషన్ అయ్యుండొచ్చు, షుగరూ బీపీలాగే అదీ జబ్బే, దానికి వైద్యం ఉంది, నయమవుతుంది. ఈ కాలమ్‌లో మిగతావాళ్లకి నేను చెప్పినవేవీ మీరు ఇప్పుడు చేయక్కర్లేదు, ముందు డాక్టర్‌ని కలవండి, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉంటారు. వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే ఆలస్యం చేయొద్దు, ఇంట్లో ఎవరికైనా ఇప్పుడే చెప్పి వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి. ఇంట్లోవాళ్లకి కూడా చెప్తున్నా, పాజిటివ్‌గా ఉండు అనే మాట ఇక ఆయనతో అనొద్దు, అది విన్న ప్రతిసారీ ఆయన తప్పు తన మీదే వేసుకుంటున్నారు, దాని బదులు డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.

అక్కా, ఎమ్మెస్ చేస్తున్నా, టెక్సస్‌లో డాలస్ దగ్గర. ఇల్లు ఖమ్మం. అక్కడున్నన్ని రోజులు ఎప్పుడు బయటపడదామా అనుకున్నా. ఇప్పుడు బండి మీద ఇడ్లీ, అమ్మ సీరియల్ చూస్తూ టీవీలో వాళ్లని తిట్టడం, సందులో కూరగాయలమ్మే ఆయన కేక, ఇవే గుర్తొస్తున్నాయి. ఇదంతా ఉత్త హోమ్‌సిక్‌నెస్సేనా?

దూరపు కొండలు నునుపు అంటారు గానీ నీ విషయంలో అది పూర్తిగా నిజం కాదు తల్లీ, ఆ కొండ ముందు నుంచీ బానే ఉంది. అమెరికాలోనే 2014లో ఒక ప్రయోగం ప్రచురించారు, స్టూడెంట్ల చేత వేసవి మొదట్లో మామూలు విషయాలు రాయించి దాచారు, ఈమధ్య ఎవరితో ఏం మాట్లాడావు, ఏ పాటలు విన్నావు లాంటివి. మూడు నెలల తర్వాత అవి తిరిగి ఇస్తే, వాళ్లు ముందు అనుకున్నదానికంటే చాలా ఆసక్తిగా చదువుకున్నారు. మనం పెళ్లిళ్లు వీడియో తీస్తాం, మంగళవారం మధ్యాహ్నం తీయం, తర్వాత వెతుక్కునేది ఆ మంగళవారం మధ్యాహ్నాన్నే.

కాబట్టి ఈసారి కాల్ చేసినప్పుడు అమ్మని కెమెరా ముందు కూర్చోబెట్టకు, ఫోన్ గూట్లో ఆనించి తన పని తనని చేసుకోమను, కుక్కర్ విజిల్, పోపు చిటపట, మధ్యలో నాన్న "కళ్లజోడు ఎక్కడ పెట్టావే" అనడం, అన్నీ వినపడతాయి. అమ్మని అడిగి కాస్త రికార్డ్ చేసుకో.

ఇంకా ముఖ్యమైంది, నువ్వు ఇప్పుడున్నచోటు కూడా రేపు ఇలాగే గుర్తొస్తుంది. మార్చి ఏప్రిల్ నెలల్లో అక్కడ రోడ్ల పక్కన నీలంగా బ్లూబానెట్ పూలు పరుచుకుంటాయి, 1901 నుంచి టెక్సస్ రాష్ట్ర పుష్పం అదే. బూడిద రంగులో ఒక సాదా పిట్ట పార్కింగ్ లాట్‌లో లైటు స్తంభం మీద కూర్చుని పది పిట్టల గొంతులు వరసగా పలుకుతుంటుంది, మాకింగ్‌బర్డ్, ఒక్కోసారి అర్ధరాత్రి కూడా. లైబ్రరీ నుంచి వచ్చేటప్పుడు ఒక్క రోజు ఇయర్‌ఫోన్స్ తీసి నడువు.

మేడమ్ గారూ నమస్తే. నేను రిటైర్డ్ టీచర్‌ని, నిజామాబాద్ దగ్గర పల్లె. మా ఆమె పోయింది, ఒక్కణ్ణే ఉంటున్న. దసరా సెలవులకు మనవరాలు హైదరాబాద్ నుంచి వస్తది, పదకొండేండ్లు, ఎప్పుడూ ఫోన్‌ల మొకం పెట్టి ఉంటది. "ఈడ చూడనీకి ఏమున్నది తాతా" అంటది. నిజం చెప్పాలంటే నాకు గూడ ఏం చూపియ్యాల్నో తెలుస్తలేదు. రోజూ చూసేదే గదా.

మాస్టారూ, పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారే, అదే జరుగుతోంది ఇక్కడ. మీ పల్లెలో చూడ్డానికి ఉన్నంత ఈ కాలమ్ రాసేవాళ్లు ఎవరికీ లేదు, అందులోనూ దసరా సెలవులంటే ఇంక చెప్పాలా.

బతుకమ్మ సంగతే తీసుకోండి. పేర్చే పూలన్నీ ఏవి? గునుగు, తంగేడు, కట్ల పూలు, గుమ్మడి పూలు. గునుగైతే మక్కచేన్లో పత్తిచేన్లో రైతు కలుపని పీకి పారేసేది, తంగేడు ఎవరూ నీళ్లు పోయని గుట్టల మీద దానంతటదే పూసేది. ఏడాదంతా ఎవరూ తలతిప్పి చూడని ఆ పూలనే ఏరి తెచ్చి, తొమ్మిది రోజులు నడిమధ్యలో పెట్టుకుని చుట్టూ తిరిగి పాడే పండగ అది. నాకు మన పండగలన్నిట్లో దీని మీద ప్రత్యేకమైన ప్రేమ ఉండటానికి ఇదే కారణం. వినాయకచవితి పత్రి కూడా అంతే, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, గరిక, రేగు, అన్నీ దారి పక్కవే, కాకపోతే ఇప్పుడు బజారులో కట్ట కొని పేరు తెలీకుండానే పూజ చేసేస్తున్నాం. మీకు ఆ పేర్లన్నీ వచ్చు, పిల్లకి రావు, అక్కడే మొదలుపెట్టండి.

పాలపిట్ట కూడా ఉంది. దసరా నాడు దాన్ని చూడాలని అందరం ఊరి బయటికి పోతాం, మిగతా రోజులన్నీ అది పొలం పక్కన కరెంటు తీగ మీదే కూర్చుని ఉంటుంది. కూర్చున్నప్పుడు మట్టి రంగులో సాదాసీదాగా ఉంటుంది, మిడత కోసం కిందికి దూకినప్పుడు రెక్క విప్పిందంటే ఆ నీలం చూసిన పిల్ల ఫోన్ వంక చూడదు, నాదీ పూచీ. పంజరంలో పెట్టి తెచ్చి డబ్బులకి చూపించేవాళ్లు వస్తారు పండగప్పుడు, వాళ్ల దగ్గర మాత్రం చూడొద్దు, పట్టడమే నేరం, పైగా ఆ పిట్ట ప్రాణం పోతుంది. ఫోన్ ఎలాగూ వదలదు కాబట్టి దానితోనే పని చేయించండి, మెర్లిన్ అని పక్షి కూతని బట్టి పేరు చెప్పే యాప్ ఒకటి ఉచితంగా ఉంది. ఫిబ్రవరిలో ప్రపంచమంతా నాలుగు రోజులు పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఉంటుంది, ఒకచోట కనీసం 15 నిమిషాలు కూర్చుని కనపడినవి రాసి పంపడమే, మీ అరుగు మీద నుంచే చేయొచ్చు, తను హైదరాబాద్ బాల్కనీ నుంచి చేస్తుంది, సాయంత్రం ఫోన్‌లో ఇద్దరూ లెక్కలు చూసుకోవచ్చు. ఒక్కరే ఉంటున్నానన్నారు కదా, అది మీకూ కావాలి.

ముందు ఈ దసరాకి మాత్రం పొద్దున్నే ఎండ ఎక్కకముందు పిల్లని తీసుకుని చేన్ల వైపు వెళ్లండి. గునుగు కాడలు పొడుగ్గా ఉంచి కోయమనండి, కట్టలు కట్టి రంగులు అద్దేటప్పుడు పట్టుకోడానికి అవే కావాలి. చేను ఎవరిదైతే వాళ్లని ఒక్కమాట అడగండి, కలుపు తీసిపెట్టినట్టే కాబట్టి ఎవరూ కాదనరు.